తెరచుకొనని ఆప్లెట్లు – వాని దోషనిర్ణయము

వైద్యుడు నాడి చూడక మందీయడు. గడియారము బాగుచేయువాడు మూత తీయక చక్రమును మార్చడు. కంప్యూటరు విషయమున మాత్రము మనలో పెక్కుమంది కారణ మరయకయే చికిత్స కుపక్రమింతురు. పాఠము నడుచుచుండగా వెబ్ పుటలోని యొక ఆప్లెట్టు తెరచుకొనక, తెల్లని చట్రముగా నిలిచిపోయిన దనుకొందము. ఒకరు యంత్రమును ఆపి మరల నడుపుదురు. మరియొకరు తీగ నూడదీసి మరల బిగింతురు. ఇంకొకరు "మన యూరి ఇంటర్నెట్టింతే" యని పాఠము చాలింతురు. ఈ పనులలో నేదైన నొకప్పుడు ఫలింపవచ్చును గాని, ఎందుకు ఫలించినదో తెలియదు గనుక మరునాడు మరల మొదటికే వచ్చును.

ఇది స్వల్పవిషయమని విద్యార్థులు తలపరాదు. మన మెట్ట ప్రాంతమున, జగ్గయ్యపేట నందిగామల చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చు పిల్లలలో ప్రతివారికిని ఒక కటకమును, ఒక అమ్మీటరును చేతికిచ్చి ప్రయోగము చేయించుట ఏ పాఠశాలకును సులభము కాదు. ఆ లోటును కొంతవరకు తీర్చునవి తెరమీది ప్రయోగములు. గాజుదిమ్మపై పడిన కాంతికిరణ మెంత వంగునో, తీగలో నిరోధము పెంచిన విద్యుత్ప్రవాహ మెంత తగ్గునో, వానియందు విద్యార్థి స్వయముగా మార్చి చూచుకొనగలడు. అట్టి చట్రము ఖాళీగా నిలిచినప్పుడు పోవునది ఒక గంట కాలము మాత్రమే కాదు. తప్పు తనదేమో, ఈ విద్య తనబోటివారికి అందనిదేమో యని బాలుడు లోలోన ననుకొనును. ఉపాధ్యాయుడు రెండు మూడు మారులు భంగపడి ఆ ప్రయోగమును మరల తెరవనే తెరవడు. కావున ఖాళీ చట్రము నెట్లు ప్రశ్నింపవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. మేము చెప్పబోవు ముఖ్యాంశ మిది: ఖాళీ చట్రము రోగము కాదు, రోగలక్షణము, ఆ యొక్క లక్షణమునకు పది కారణము లుండవచ్చును, కారణము తెలిసినగాని చేయి పెట్టరాదు.

ఆప్లెట్టనగా నేమి?

ఆప్లెట్టనగా చిన్న ప్రోగ్రాము. అది స్వతంత్రముగా నిలువక, వెబ్ పుటలో నొక చట్రమును ఆశ్రయించి, ఆ చట్రపు హద్దులలో తన పని చేసికొనును. 1995వ సంవత్సరమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు జావా భాషను లోకమునకు వెల్లడించినప్పుడు ఈ పేరు ప్రసిద్ధికి వచ్చినది. అంతకు మునుపు వెబ్ పుటలు చాలవరకు అచ్చు కాగితములవలె నుండెడివి. చదువవచ్చును, బొమ్మలు చూడవచ్చును, ఒక పుటనుండి మరియొక పుటకు పోవచ్చును. జావా ఆప్లెట్టు వచ్చిన పిదప పుటలోనే లోలకము ఊగినది, గ్రాఫు కదలినది. గణితోపాధ్యాయులకు పరిచితమైన జియోజీబ్రాను మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియా దేశమున ఆరంభించెను. భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ఫెట్ అను ప్రయోగమాలను స్థాపించెను. ఈ రెండును తొలినాళ్లలో జావా నాశ్రయించినవే. ఫెట్ ప్రయోగములలో కొన్ని ఫ్లాష్ అను మరియొక సాధనముతో చేయబడినవి. నేడు ఫెట్ ప్రయోగములు పెక్కు తెలుగులో కూడ లభించుచున్నవి.

అయితే జావా ఆప్లెట్టును గాని, ఫ్లాష్ బొమ్మను గాని బ్రౌజరు తనంతట తాను నడుపలేదు. వాని భాష బ్రౌజరునకు రాదు. నడుమ ప్లగిన్ అను నొక దుబాసీ కావలసియుండెను. నేటి ఆప్లెట్ల కట్టి దుబాసీతో పని లేదు. అవి బ్రౌజరుయొక్క సొంత భాషయైన జావాస్క్రిప్టులోనే వ్రాయబడుచున్నవి. జియోజీబ్రా, ఫెట్ సంస్థలవారు తమ ప్రయోగముల నీ క్రొత్త పద్ధతికి మార్చుకొనిరి. ఈ భేదము నెరుగుట దోషనిర్ణయమునకు మొదటి మెట్టు.

గతించినవియు, బ్రతికియున్నవియు

తెరచుకొనని ఆప్లెట్టు రోగియా, మృతుడా? మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యిది. ప్లగిన్లలోని లోపముల గుండ దుష్టులు ఇతరుల కంప్యూటరులలో చొరబడుట పలుమారులు జరిగెను. అందుచే బ్రౌజరుల నిర్మాతలు ఆ తలుపులను మూసివేసిరి. క్రోమ్ బ్రౌజరు 2015 సెప్టెంబరులో 45వ కూర్పుతోను, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ కూర్పుతోను జావా ప్లగిన్నును విడిచిపెట్టినవి. జావాను పోషించు ఒరాకిల్ సంస్థ 2018 సెప్టెంబరులో విడుదలచేసిన 11వ కూర్పునుండి ఆ ప్లగిన్నునే తొలగించెను. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ పోషణ చాలించి, 2021 జనవరి 12నుండి ఫ్లాష్ ప్లేయరులో బొమ్మలు నడువకుండ నిరోధించెను.

కావున చట్రములో "ప్లగిన్ లేదు" యనియో, "జావా కావలెను" యనియో, "ఫ్లాష్ కావలెను" యనియో కనబడినచో, మీ యంత్రమునం దెట్టి లోపమును లేదని గ్రహింపుడు. తీగలు మార్చినను, కంప్యూటరును నూరుమారులు ఆపి నడిపినను ఫలము లేదు. అప్పుడు చేయదగిన పనులు రెండు. ఆ ప్రయోగమునకే క్రొత్త రూప మున్నదేమో ఆ సంస్థవారి వెబ్ సైటులో వెదకుట మొదటిది. పాత రూపమును నేటి బ్రౌజరులో నడిపించు సాధనముల నాశ్రయించుట రెండవది. జావాకు చీర్ప్‌జే అనునదియు, ఫ్లాష్‌నకు రఫిల్ అనునదియు నట్టి సాధనములు. ఫెట్ వారు తమ పాత జావా ప్రయోగములను కొన్నింటిని చీర్ప్‌జే మూలమునే నేటికిని అందించుచున్నారు. వర్తకుల కిట్టి మార్పు జి.ఎస్.టి. వెబ్ సైటులో కనబడును. అచ్చట డిజిటల్ సంతకము చేయుటకు పుటలో నిమిడిన జావా ఆప్లెట్టు గాక, ఎంసైనర్ అను ప్రోగ్రామును కంప్యూటరుపై వేరుగా నెలకొల్పుకొనవలెను.

బస్సు ఎచ్చట నిలిచినది?

ఆప్లెట్టు క్రొత్తదియే యైనను తెరచుకొనకున్నచో, అప్పుడది రోగి. రోగస్థాన మెక్కడ? ఒక యుపమానము చెప్పెదము. విజయవాడలో బయలుదేరిన బస్సు వేళకు జగ్గయ్యపేట చేరలేదు. దారి పొడవునను వెదకుచు పోనేల? నందిగామలో విచారించిన చాలును. బస్సు నందిగామ దాటినదన్నచో లోప మీవలి దారిలో నున్నది. దాటలేదన్నచో ఆవలి దారిలో నున్నది. ఒక్క ప్రశ్నతో సగము దారి తీసివేయబడెను. ఆప్లెట్టును గూర్చియు నిట్లే నడిదారిలో నిలిచి ప్రశ్నింపవలెను.

మేము మూడు ప్రశ్నలను ఈ క్రమముననే యడుగుదుము. ఇదే కంప్యూటరులో వేరొక ఆప్లెట్టు తెరచుకొనుచున్నదా? తెరచుకొన్నచో కంప్యూటరును, ఇంటర్నెట్టును చాలవరకు నిర్దోషులు. లోప మా యొక్క ఆప్లెట్టునందో, దానిని పొదిగిన పుటయందో యున్నది. ఇదే ఆప్లెట్టు వేరొక కంప్యూటరులో తెరచుకొనుచున్నదా? తెరచుకొన్నచో మన యంత్రమే దోషి. ఇదే కంప్యూటరును పాఠశాల ఇంటర్నెట్టునుండి తప్పించి, ఒక సెల్‌ఫోను హాట్‌స్పాటునకు తగిలించిన తెరచుకొనుచున్నదా? తెరచుకొన్నచో పాఠశాల నెట్‌వర్కులోని వడపోత ఆ ఆప్లెట్టు చిరునామాను అడ్డుచున్నది. ఆ వ్యవస్థను చూచువారి కా చిరునామా వ్రాసి యిచ్చిన చాలును. ఈ మూడు ప్రశ్నలకు పది నిమిషములు పట్టవు.

యంత్రమునందలి దోషములు

యంత్రమే దోషి యని తేలినప్పుడు మొదట చూడవలసినది గడియారము. ఇది విన్నవారికి వింతగా తోచును. బోర్డుమీద నొక నాణెమంత బ్యాటరీ యుండును, సాధారణముగా సి.ఆర్. 2032 అనునది, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడును గడియారమును నడపున దదియే. అది నీరసించిన పాత కంప్యూటరు కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల ఎన్నో యేండ్ల వెనుకటి తేదీని చూపును. వెబ్ సైట్లు తమ గుర్తింపునకు సర్టిఫికెట్లు చూపును. ప్రతి సర్టిఫికెట్టునకు ఆరంభ దినము, అంత్య దినము నుండును. గడియారము వెనుకబడిన యంత్రమునకు నేటి సర్టిఫికెట్టు ఇంకను పుట్టనిదిగా కనబడును. బ్రౌజరు దానిని నమ్మదు. పుట యొక చోటనుండియు ఆప్లెట్టు మరియొక చోటనుండియు వచ్చునప్పుడు, బ్రౌజరు ముందు దాచుకొన్న పుట కనబడి ఆప్లెట్టు మాత్రము ఖాళీగా నిలుచుటయు గలదు. తేదీ సరిచేసిన నాటికి పని జరుగును. బ్యాటరీ మార్చిన శాశ్వతముగా జరుగును. దాని వెల స్వల్పము.

రెండవది పాతబడిన బ్రౌజరు. విండోస్ 7 గల యంత్రములకు క్రోమ్ వారు 2023 జనవరిలో విడుదలైన 109వ కూర్పుతో సరిపెట్టిరి. అటుపిమ్మటి కూర్పులు వానిపై నెక్కవు. క్రొత్త నుడికారములతో వ్రాసిన ఆప్లెట్టును పాత బ్రౌజరు సగము చదివి ఆగిపోవును. ఇట్లే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ల కాధారమైన యొక పాత మూల సర్టిఫికెట్టునకు 2021 సెప్టెంబరు 30న కాలము చెల్లగా, చిరకాలముగా నవీకరింపబడని కొన్ని యంత్రములలో నెన్నో వెబ్ సైట్లు హఠాత్తుగా తెరచుకొనక పోయినవి. వెబ్ సైట్లు మారలేదు, యంత్రములును మారలేదు. నడుమనున్న నమ్మకపు పత్రమునకు గడువు తీరినది.

మూడవది బ్రౌజరు దాచుకొన్న పాత ప్రతి. ఒకమారు సగములో తెగిపోయిన ఫైలునే మరల మరల చూపుచుండవచ్చును. కంట్రోల్, షిఫ్టు, ఆర్ అను మూడు మీటలను కలిపి నొక్కిన బ్రౌజరు క్రొత్త ప్రతిని తెచ్చుకొనును. ప్రైవేటు కిటికీ తెరచి చూచుట యింకను మంచి పరీక్ష. అందు తెరచుకొనినచో పాత ప్రతియో, ప్రకటనల నడ్డగించుటకై చేర్చుకొన్న పొడిగింపు ప్రోగ్రామో కారణమని తెలియును.

చిరునామా దోషములు

యంత్రము నిర్దోషి యని తేలినచో ఆప్లెట్టు చిరునామాను విచారింపవలెను. మన జగ్గయ్యపేటకు పూర్వము బేతవోలు అని పేరు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర దీనిని పేటగా వెలయించెను. పాత పేరు వ్రాసిన ఉత్తరమును తెలిసిన తపాలా బంట్రోతు తెచ్చి యిచ్చును. సర్వరునకు అట్టి దయ లేదు. క్రొత్త చోటికి మళ్లింపుమని ముందుగా దానికి చెప్పియుంచకున్నచో, "404" అను సంఖ్యతో "ఇట్టిది లేదు" అని యూరకుండును. మరియొక నిదర్శనము: ధనబోడుమీది బౌద్ధస్తూపమును 1882 ప్రాంతమున బర్జెస్ దొర త్రవ్వించిన పిదప అందలి శిల్పఫలకములు మద్రాసు మ్యూజియమునకు తరలింపబడినవి. పాత పుస్తకము చదివి ఫలకములకై గుట్ట యెక్కినవాడు వానిని కానడు. అవి నశింపలేదు, చోటు మారినవి. పాత పుటలలో పొదిగిన ఆప్లెట్లలో ననేకముల గతి యిదియే. అట్టి దానిని పేరు పట్టి వెదకిన క్రొత్త చోట దొరకును.

వెబ్ పుటలు కట్టు విద్యార్థులకు మరి రెండు హెచ్చరికలు. విండోస్ యంత్రములో చిన్న బడి అక్షరములకును పెద్ద బడి అక్షరములకును సాధారణముగా భేదము లేదు. లినక్సు సర్వరులో భేద మున్నది. ఇంట చక్కగా తెరచుకొన్న ఆప్లెట్టు సర్వరు నెక్కినంతనే మాయమగుటకు తరచు కారణ మిదియే. మరియు చట్రమునకు ఎత్తు చెప్పక విడిచినచో ఆప్లెట్టు సరిగ వచ్చియు చాలినంత ఎత్తులేని గదిలో నిలిచి సరిగా కనబడకపోవచ్చును.

తనిఖీ కేంద్రము

2020 మార్చిలో లాక్‌డౌను విధింపబడినప్పుడు హైదరాబాదునుండి అచటి పోలీసువారి అనుమతి పత్రములతో బయలుదేరినవారు అనేకులు మన సరిహద్దున గరికపాడు తనిఖీ కేంద్రమువద్ద నిలిచిపోయిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేదు. పంపువారి అనుమతి యున్న చాలదు, రానిచ్చువారి అనుమతియు గావలెనని యప్పుడు తెలిసినది. బ్రౌజరులోని కట్టుబా టట్టిదే. మన పుటలో నొక ఆప్లెట్టును పొదుగుటకు మన యిష్టమొక్కటే చాలదు. ఆప్లెట్టు యజమాని తన సర్వరులో "నన్నితరుల చట్రములో నిముడ్పరాదు" అని వ్రాసికొన్నచో, బ్రౌజరు ఆ యాజ్ఞను శిరసావహించి చట్రమును ఖాళీగా నుంచును. దీనికి మన కంప్యూటరులో మందు లేదు. ఆ సంస్థవారు పొదుగుటకై ప్రత్యేకముగా నిచ్చు చిరునామా నుపయోగింపవలెను. లేదా చట్రమునకు బదులు లింకు నుంచవలెను.

ఇదే జాతికి చెందిన మరియొక దోషము కలదు. పుట చిరునామా హెచ్.టి.టి.పి.ఎస్. తో మొదలిడి, ఆప్లెట్టు చిరునామా ఒట్టి హెచ్.టి.టి.పి. తో మొదలిడినచో బ్రౌజరు దాని నడ్డగించును. ముద్రవేసిన కవరులో ముద్రలేని కాగితమును చొప్పించుటవంటి దిది. చాలచోట్ల చిరునామాలో ఒక్క "ఎస్" చేర్చిన సరిపోవును.

పెన్ డ్రైవుపై తెచ్చిన ఆప్లెట్లు

మన ప్రాంతమున తరచు సంభవించు కష్ట మొకటి ప్రత్యేకముగా చెప్పదగియున్నది. ఇంటర్నెట్టు సరిగా లేని పాఠశాలకు ఉపాధ్యాయుడు ఆప్లెట్టును నెట్ సెంటరులో దింపుకొని పెన్ డ్రైవుపై తెచ్చును. ఫోల్డరు తెరచి ఫైలును నొక్కగా చట్రము ఖాళీ. ఫైలు చెడిపోయినదని తలచి మరల పోయి తెచ్చును, మరల ఖాళీయే. ఇందు ఫైలు దోషము లేదు. ఫోల్డరునుండి నేరుగా తెరచినప్పుడు బ్రౌజరు ప్రతి ఫైలును పరాయి ఫైలుగా నెంచి, ఒకదానిని రెండవదాని జోలికి పోనీయదు. పలు ఫైళ్లుగా నున్న ఆప్లెట్టు తన భాగములను తానే చదువజాలక నిలిచిపోవును. మరికొన్ని ఆప్లెట్లు పైకి ఫైలుగా కనబడినను లోపల ఇంటర్నెట్టులోని చిరునామాను పిలుచును. ఇంటర్నెట్టు లేనిచోట వానికి బదులు పలుకువారుండరు.

ఇందుకు మార్గములు మూడు. ఫెట్ వారి క్రొత్త ప్రయోగములు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలులోనే సమస్తమును ఇముడ్చుకొనియుండును గనుక పెన్ డ్రైవునుండి నేరుగా తెరచుకొనును. ఇంటర్నెట్టు లేని పాఠశాల కివి మిక్కిలి అనుకూలములు. జియోజీబ్రా వలయువారు ఆ సంస్థ యిచ్చు పూర్తి ప్రోగ్రామును ముందుగా కంప్యూటరుపై నెలకొల్పుకొనవలెను. పలు ఫైళ్ల ఆప్లెట్టే కావలసివచ్చినచో పైథాన్ భాషతోకూడ వచ్చు చిన్న సర్వరును ఆ కంప్యూటరులోనే నడిపి, దాని ద్వారా తెరువవచ్చును. పై తరగతుల విద్యార్థు లీ పనిని సులభముగా నేర్చుకొనగలరు.

చట్రము చెప్పు సాక్ష్యము

పై కారణములలో నేది నిజమో ఊహింప నక్కరలేదు, బ్రౌజరే చెప్పును. ఎఫ్ 12 మీటను నొక్కినచో పుటప్రక్క నొక క్రొత్త భాగము తెరచుకొనును. అందు కన్సోల్ అను శీర్షిక క్రింద ఎఱ్ఱని అక్షరములతో దోషములు వ్రాయబడియుండును. నెట్‌వర్క్ అను శీర్షిక క్రింద ప్రతి ఫైలునకు నెదుట నొక సంఖ్య యుండును. 200 అన్నచో వచ్చినది; 403 అన్నచో నిషేధింపబడినది; 404 అన్నచో ఆ చోట లేదు; 500 అన్నచో ఆవలి సర్వరే కూలినది. సంఖ్యయే లేక నిలిచియున్నచో సర్వరునుండి జవాబు రాలేదు; దారిలో నడ్డగింపబడి యుండవచ్చును.  ఎఱ్ఱని పంక్తులు పది యున్నను మొదటి పంక్తినే చదువవలెను; తక్కినవి తరచు దాని సంతానము. ఆ పంక్తిని అర్థము కాకున్నను యథాతథముగా నోటుపుస్తకమున వ్రాసికొన్నచో, తెలిసినవారు దానిని చూచి వెంటనే చెప్పగలరు. "రావడము లేదు" అన్నమాటకన్న నా యొక్క పంక్తి నూరుమడుగులు విలువైనది.

చేయరాని పనులు

చికిత్స పేర చేయరాని పనులును గలవు. "ఫ్లాష్ ప్లేయరు దింపుకొనుడు" అని ఎక్కడనైన బొత్తాము కనబడిన నొక్కరాదు. అడోబీ సంస్థ దానిని పంచుట మానివేసినది గనుక ఆ పేర దొరకున దేదైనను అనుమానింపదగినదే. ఆప్లెట్టు కొరకు బ్రౌజరు కావలిని, వైరసు నిరోధకమును తీసివేయరాదు. ఒక్క పాఠము కొరకు ఇంటి తలుపు తీసియుంచి పరుండుటవంటి దది. ఆ యంత్రములోనే పిల్లల మార్కులు, ఆధారు సంఖ్యలు నుండవచ్చును. రెండు మార్పులను ఒకేమారు చేయరాదు. చేసినచో బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియక, నేర్చుకొనవలసిన పాఠము పోవును.

విద్యార్థులారా! ప్రతి కంప్యూటరు గదిలో నొక నోటుపుస్తక ముంచుడు. తేదీ, ఆప్లెట్టు పేరు, కనబడిన మొదటి దోషపంక్తి, చేసిన ఒకే యొక మార్పు, దాని ఫలము అను నైదింటిని వ్రాయుడు. ఒక సంవత్సరము గడచునప్పటికి మీ గదికి తగిన వైద్యగ్రంథ మొకటి మీచేతనే సిద్ధమగును. మీ తరువాత వచ్చు తరగతివారు ఖాళీ చట్రమును జూచి తలవంచుకొనక, "నీ కేమి కష్టము?" అని దానిని ప్రశ్నింతురు. కాంతికిరణము గాజుదిమ్మలో నెట్లు వంగునో కన్నులార చూచు భాగ్య మా పిల్లలకు తప్పిపోకుండుటయే ఈ శ్రమకు తగిన ఫలము.